హైదరాబాద్ నుంచి నాసిక్ వైనరీలకు తొలిసారి వెళ్తున్నవాళ్లకు

ప్రశ్న ఇది: హైదరాబాద్ నుంచి రెండు జంటలు ఫిబ్రవరిలో నాసిక్ వెళ్లాలనుకుంటున్నారు. ఒక్కరోజులో నాలుగైదు వైనరీలు చూసేయొచ్చా? టేస్టింగ్ రూమ్‌లో ఏం చేయాలి? వైన్ గురించి ఏమీ తెలియకపోతే చిన్నచూపు చూస్తారా? నచ్చిన బాటిళ్లు తెచ్చుకోవచ్చా?

ముందు సూటిగా జవాబులు. రోజుకు రెండు వైనరీలు చాలు, మూడోది దండగ. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. శని, ఆదివారాలు వద్దు, ముంబై జనమంతా అక్కడే ఉంటారు. బాటిళ్లు తెలంగాణకు తేవద్దు. ఏమీ తెలియనివాళ్ల కోసమే టేస్టింగ్ రూమ్ ఉంది, కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.

ఫిబ్రవరి మంచి ఎంపిక. చల్లటి దేశాల్లో ద్రాక్ష తీగ చలికాలమంతా నిద్రపోతుంది, ఏడాదికి ఒక్కసారే కత్తిరిస్తారు. మన దక్కన్‌లో తీగకు ఆ నిద్ర లేదు. అందుకే రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్‌లో కొమ్మ కట్టడానికి, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో కాపు కోసం. అలా చేస్తే పండు వానలకు దొరక్కుండా, రాత్రి చలి ఉన్న రోజుల్లో పక్వానికొస్తుంది. నాసిక్‌లో కోత జనవరిలో మొదలై మార్చి దాకా నడుస్తుంది. తెల్ల రకాలు ముందు, షిరాజ్, కాబెర్నే సావిన్యో లాంటి నల్ల రకాలు తర్వాత. మీరు వెళ్లేసరికి కొన్ని వరసల్లో గుత్తులుంటాయి, లోపల ట్యాంకుల్లో రసం పులుస్తూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే మోడుబారిన తీగలు, ఎండ. వానాకాలంలో చుట్టూ పచ్చగా బాగుంటుంది గానీ పండు ఉండదు. ఫిబ్రవరిలో ఒక్క జాగ్రత్త: సులాఫెస్ట్ సంగీతోత్సవం జరిగే వారాంతం ఎప్పుడో చూసుకుని దాన్ని తప్పించండి. గదులు దొరకవు, టేస్టింగ్ బల్ల దగ్గర నిలబడే చోటుండదు.

దారి సంగతి. సికింద్రాబాద్ మీదుగా వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. స్టేషన్ ఊళ్లో లేదు, ఊరికి ఇంకో పది కిలోమీటర్లు. కార్లో అయితే హైదరాబాద్ నుంచి దాదాపు 700 కిలోమీటర్లు, పోను ఒక రోజు, రాను ఒక రోజు పోతుంది. మనవాళ్లలో చాలామంది షిర్డీ, త్ర్యంబకేశ్వరంతో కలిపి పెట్టుకుంటారు. అలా కలిపితే దర్శనం ఒక రోజు, తోటలు ఇంకో రోజు పెట్టుకోండి. పొద్దున్నే క్యూలో నాలుగు గంటలు నిలబడి, ఖాళీ కడుపుతో మధ్యాహ్నం టేస్టింగ్‌కు వెళ్తే మూడో గ్లాసుకే తల తిరుగుతుంది.

నాసిక్ వైనరీలు ఒకే చోట లేవు. మ్యాప్‌లో పక్కపక్కన కనిపించినా దిక్కులు వేరు. ఊరికి పడమర గంగాపూర్ డ్యామ్ వైపు సులా, యార్క్, సోమా ఉన్నాయి. ఉత్తరాన దిండోరి వైపు షాందోన్. ముంబై దారిలో ఇగత్‌పురి వైపు వలోనే, గ్రోవర్ జంపా. ఒక రోజుకు ఒకే దిక్కు పెట్టుకోండి. తొలిసారి వెళ్తున్నవాళ్లకు నా సలహా: మొదటిరోజు గంగాపూర్ వైపు. పొద్దున పదకొండున్నరకు సులా, భోజనం, మూడున్నరకు యార్క్. సులా 1999లో మొదలైంది, 2005లో అక్కడ టేస్టింగ్ రూమ్ తెరిచారు. దేశంలో ఈ తరహా సందర్శన అలవాటైంది దానితోనే. పెద్దది, జనం ఎక్కువ, కానీ తయారీ అంతా ఒక క్రమంలో చూపిస్తారు. యార్క్ చిన్నది. 2021లో సులానే దాన్ని కొంది గానీ, డ్యామ్ నీళ్లవైపు కూర్చుని నింపాదిగా రుచి చూడటానికి అదే నయం. రెండో రోజు ఓపిక ఉంటే ఇగత్‌పురి వైపు వెళ్లండి. అక్కడ మనుషులు తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ.

ముందురోజు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. టేస్టింగ్‌లో ఎన్ని వైన్లు, ఒక్కోటి ఎన్ని మిల్లీలీటర్లు? మామూలుగా 30 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు నుంచి ఆరు పోస్తారు. రుసుములో తయారీశాల చూపించడం కలిసి ఉందా, విడిగానా? టూర్ ఏ వేళల్లో, ఏ భాషలో? రిజర్వ్ వైన్లు, అంటే వైనరీ విడిగా ఎంచి ఉంచే మేలురకాలు, ఆ జాబితాలో ఉన్నాయా? ఈ చివరిది చాలామంది అడగరు. అడగకపోతే దుకాణంలో దొరికే మామూలు రకాలే పోస్తారు, అంత దూరం వెళ్లి హైదరాబాద్‌లో దొరికేవే తాగి వచ్చినట్టవుతుంది. వయసు చూపించే కార్డు అందరూ పెట్టుకోండి, 21 నిండాలి. మహారాష్ట్రలో 1949 నాటి ప్రొహిబిషన్ చట్టం ప్రకారం మద్యం తాగడానికి పర్మిట్ ఉండాలి. ఒకరోజు పర్మిట్ నామమాత్రపు రుసుముకే వస్తుంది, అడిగితే కంగారు పడకండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. ఎక్కడైనా పోలింగ్ ఉంటే అది ముగిసే గంటకు ముందు 48 గంటలూ అంతే. స్థానిక ఎన్నికలున్నాయేమో కూడా చూసుకోండి.

డ్రైవర్ ఎందుకంటే, లెక్క చూడండి. ఆరు వైన్లు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు, మొత్తం 180. పదమూడు శాతం ఆల్కహాల్ అనుకుంటే దాదాపు పద్దెనిమిదిన్నర గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది. 70 కిలోల మగమనిషి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాముల దగ్గరికి, 60 కిలోల ఆడమనిషిలో 55 దగ్గరికి చేరుతుంది. చట్టం ఒప్పుకునేది 30. ఒంట్లోంచి దిగేది గంటకు 15 చొప్పునే, కాబట్టి ఒక్క టేస్టింగ్ ముగిసిన వెంటనే బండి నడిపినా గీత దాటే ప్రమాదం ఉంది. "ఉత్త రుచి చూడటమే కదా" అనుకునేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. తొలిసారి పట్టుబడితే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డ్యామ్ దగ్గరి రోడ్లు సన్నం, చీకటి పడ్డాక ట్రాక్టర్లు వెనక దీపాల్లేకుండా వస్తాయి. కారు రోజంతటికీ మాట్లాడుకోండి. సాయంత్రం తోటల దగ్గర ఆటో గానీ క్యాబ్ గానీ దొరకడం కష్టం.

ఇక అసలు పని, రుచి చూడటం.

పొద్దున టిఫిన్ కడుపునిండా చేయండి, కానీ ఆవకాయ, కారప్పొడి జోలికి పోవద్దు. పాన్, పుదీనా బిళ్లలు, గంట ముందు కాఫీ వద్దు. అత్తరు, సెంటు పూసుకోకండి. తలలో మల్లెపూలు పెట్టుకుంటే మీ ఒక్కరికే కాదు, బల్ల దగ్గరున్న అందరికీ వైన్ వాసన తెలియకుండా పోతుంది. ఇద్దరు కలిసి ఒకే టేస్టింగ్ తీసుకోవాలనుకుంటే అదనంగా ఇంకో గ్లాసు అడగండి, ఇస్తారు. ఎంగిలి బాధ ఉండదు, తాగేదీ సగమవుతుంది. బల్ల మీద ఒక గిన్నె ఉంటుంది, ఉమ్మడానికి. మనకు పదిమందిలో ఉమ్మడం తప్పనిపిస్తుంది. ఇక్కడ మాత్రం అది పనిలో భాగం. వైన్ తయారుచేసేవాళ్లు రోజుకు పదుల ట్యాంకులు రుచి చూస్తారు, ప్రతిదీ ఉమ్మేస్తారు. ఉమ్మడం ఇష్టం లేకపోతే రెండు గుటకలు తాగి మిగతాది ఆ గిన్నెలో పారబోయండి. పోసినవాళ్లు ఏమీ అనుకోరు.

వరస ఇది: నురగ వైన్, తెల్లవి, రోజే (గులాబిరంగు వైన్), తేలిక ఎరుపు, బరువైన ఎరుపు, చివరికి తియ్యటిది. తియ్యటిది ముందు తాగితే తర్వాత తెల్లవన్నీ నిమ్మరసంలా అనిపిస్తాయి. జిలేబీ తిన్న నోటితో టీ తాగితే చప్పగా ఉన్నట్టే ఇదీ.

గ్లాసు కాడ పట్టుకోండి, బొజ్జ పట్టుకుంటే చేతి వేడికి వైన్ వేడెక్కుతుంది. ముందు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత బల్ల మీదే గుండ్రంగా తిప్పి మళ్లీ చూడండి. రెండింటికీ తేడా ఉంటుంది. నాసిక్ సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో మొదట పచ్చి క్యాప్సికం, కోసిన గడ్డి వాసన, తిప్పాక జామపండు వాసన వస్తే ఆశ్చర్యపోకండి. అది ఎవరూ కలిపింది కాదు. క్యాప్సికంలో ఉండే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. షిరాజ్‌లో మిరియం వాసన వస్తుంది, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థం ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంది.

మాటలు దొరక్క మొహమాటపడేవాళ్లకు ఒకటి చెప్పాలి. వైన్ రుచి చెప్పడానికి ఇంగ్లీషు కంటే తెలుగు బాగా పనికొస్తుంది. వాళ్లు టానిన్ అని వివరించడానికి పది వాక్యాలు ఖర్చుపెట్టేది మనకు ఒక్క మాట: వగరు. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్లకు పులుపూ వగరూ వేరని ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా గ్లాసులో రెండూ కలిసిపోతాయి, కాబట్టి ఇలా చూడండి. ఒక గుటక నోట్లో ఐదారు సెకన్లు తిప్పి మింగండి, లేదా ఉమ్మండి. తర్వాత నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టండి. నాలుక పక్కల నుంచి నీళ్లూరితే అది పులుపు, చింతకాయ చూసినప్పటిలా. నాలుక చిగుళ్లకు అంటుకుపోయి, నేరేడుపళ్లు తిన్నట్టో వక్క నమిలినట్టో పొడిబారితే అది వగరు. పులుపు పండు రసంలోంచి, వగరు తొక్కలోంచీ గింజలోంచీ వస్తాయి. తెల్ల వైన్‌కు రసం పిండి తొక్క తీసేస్తారు కాబట్టి వగరు దాదాపు ఉండదు. ఎరుపుకు తొక్కతోనే పులియబెడతారు. ఈ ఒక్క తేడా నోటితో పట్టుకున్నారంటే టేస్టింగ్ రుసుము గిట్టినట్టే.

ఇంకోటి తీపి. పండు వాసన గుప్పుమంటే తియ్యగా ఉందనుకుంటాం. ముక్కు మూసుకుని ఒక గుటక తాగండి, అప్పుడు నాలుకకు తెలిసేదే అసలు తీపి. చాలా వైన్లలో అలా చూస్తే తీపి ఉండదు.

వేడిమి గురించి గట్టిగా అడగండి. ఎరుపు వైన్ గది వేడిమిలో తాగాలనే మాట చలిదేశపు రాతి ఇళ్ల నుంచి వచ్చింది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. నాసిక్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నం వరండాలో 30 దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముక్కులో గుచ్చుతుంది, పండు వాసన జావగారిపోతుంది. ఎరుపు గోరువెచ్చగా వస్తే ఐసు బకెట్‌లో పది నిమిషాలు పెట్టమనండి. అటు తెల్ల వైన్‌ను గడ్డకట్టేంత చల్లగా ఇస్తే వాసనే రాదు, అరచేతుల మధ్య రెండు నిమిషాలు పట్టుకోండి. తెల్లవి 8 నుంచి 12 డిగ్రీల మధ్య బాగుంటాయి.

టేస్టింగ్ రూమ్‌లో ఎక్కువగా ఎదురయ్యే లోపం నిన్న తెరిచిన బాటిల్. వారం మధ్యలో జనం తక్కువగా ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. కోసి పెట్టిన ఆపిల్ ముక్క నల్లబడినప్పటి వాసన వస్తే గాలి తగిలి పాడైందని అర్థం. "ఇది ఎప్పుడు తెరిచారు?" అని మర్యాదగా అడిగితే కొత్తది తెరుస్తారు. తడిసి ఆరిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ లోపం, ఎంత తిప్పినా పోదు, మార్చమనండి. కాల్చిన అగ్గిపుల్ల వాసన మాత్రం గట్టిగా తిప్పితే చాలాసార్లు పోతుంది, కంగారు వద్దు. తెల్ల వైన్ అడుగున గాజుపెంకుల్లా మెరిసే పలుకులు గాజు కావు, ద్రాక్షలోని ఆమ్లం చల్లదనానికి గడ్డకట్టిన ఉప్పు. హాని లేదు. స్క్రూ మూత చూసి చవకరకం అనుకోకండి, మన ఎండలకు, రవాణాకు అదే నమ్మకం.

టూర్‌లో గైడు చెప్పేది వింటూనే మూడుచోట్ల ఆగండి. మొదటిది తోట. అక్కడి పండు మీరెరిగిన ద్రాక్ష కాదు. ఒకప్పుడు హైదరాబాద్ శివార్లలో పందిళ్ల మీద కాసిన అనాబ్-ఎ-షాహి పెద్ద పండు, నిండా గుజ్జు, తినడానికి బాగుంటుంది. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, నోరంతా గింజలే. చక్కెర కూడా ఎక్కువ. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. పదమూడు శాతం రావాలంటే లీటరుకు 220 గ్రాముల పైచిలుకు కావాలి, తినే ద్రాక్షలో మామూలుగా అంత ఉండదు. గుత్తులు అడగకుండా కోయొద్దు, పురుగుమందు చల్లి ఉండొచ్చు. రెండోది స్టీలు ట్యాంకులు. వాటి చుట్టూ చల్లటి నీటి తొడుగు ఉంటుంది. తెల్లవి 12 నుంచి 18 డిగ్రీల్లో, ఎరుపు 25 నుంచి 30లో పులియబెడతారు. ట్యాంకు మీద అంకె చూసి లోపలున్నదేమిటో మీరే చెప్పగలరు. మూడోది పీపాలు. ఓక్ పీపా మామూలుగా 225 లీటర్లు. ఎన్నోసారి వాడుతున్నారని అడగండి. కొత్త పీపా వెనిల్లా, పొగ వాసన ఎక్కువ ఇస్తుంది, మూడు నాలుగుసార్లు వాడినది గాలి ఆడనివ్వడానికే తప్ప వాసనకు కాదు. ఈ ప్రశ్న అడిగారంటే గైడు మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

భోజనం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు: కారంకారంగా చికెన్ స్టార్టర్ తెప్పించుకుని దానితో బరువైన ఎరుపు తాగడం. మిరపకాయ మంటను ఆల్కహాల్ పెంచుతుంది, వగరు ఇంకా గరుకుగా తగులుతుంది, నోట్లో రెండూ చెడతాయి. కారం తినక తప్పదంటే తెల్లవాటిలో కొంచెం తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ గానీ రీస్లింగ్ గానీ చల్లగా తీసుకోండి. ఎరుపుతో చీజ్, మటన్, పుట్టగొడుగులు బాగుంటాయి, ఉప్పూ కొవ్వూ వగరును లాగేస్తాయి. వైన్‌కూ వైన్‌కూ మధ్య నీళ్లు, ఒక్కో గ్లాసు వైన్‌కు ఒక గ్లాసు నీళ్ల లెక్కన.

బాటిళ్ల సంగతి. తెలంగాణ ఎక్సైజ్ సుంకం కట్టని మద్యాన్ని ఇక్కడ ఎన్‌డీపీఎల్ అంటారు. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చినవి చెక్‌పోస్టుల దగ్గర, రైళ్లలో, విమానాల్లో వచ్చేవాళ్ల దగ్గర పట్టుకుని కేసులు పెడుతుంటారు. వైనరీ బిల్లు చూపిస్తే సరిపోతుందనుకోవద్దు, అది మహారాష్ట్రకు కట్టిన పన్ను. మంచి పద్ధతి ఒకటుంది. నచ్చిన బాటిల్ పేరు, రకం, సంవత్సరం లేబుల్ ఫొటో తీసుకోండి. నాసిక్ పేరున్న రకాలు చాలావరకు హైదరాబాద్ పెద్ద దుకాణాల్లో తెలంగాణ హోలోగ్రామ్‌తో దొరుకుతాయి. ఇక్కడ దొరకని రిజర్వ్ రకాలు అక్కడే రాత్రి భోజనంతో తాగేయండి. అక్కడ కొన్నది హోటల్ దాకా తీసుకెళ్లేటప్పుడు కారు డిక్కీలో ఎండలో వదలకండి. మధ్యాహ్నం డిక్కీ వేడికి వైన్ ఉబ్బి కార్క్ పైకి లేస్తుంది, తర్వాత ఉడికించిన జామ్ రుచి వస్తుంది. ఆ బాటిల్ ఇక బాగుపడదు.

హైదరాబాద్‌లో కొనేటప్పుడు కూడా దుకాణంలో ఏసీ గది లోపలి అరలోంచి తీయమనండి, వీధివైపు అద్దంలో నెలల తరబడి నిలబెట్టింది వద్దు. తెల్లవి, రోజే ఒకటి రెండేళ్లలోపు సంవత్సరానివే తీసుకోండి. తెరిచాక ఎరుపైనా తెలుపైనా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది, నురగ వైన్ మర్నాటికల్లా తాగేయాలి.

నాసిక్ దాకా వెళ్లే తీరిక లేకపోతే రోడ్డు మీద ఇంకో రెండు దార్లున్నాయి. పుణె హైవేలో సోలాపూర్ దాటాక అక్లూజ్ వైపు ఫ్రాతెల్లి తోటలు, హైదరాబాద్ నుంచి దాదాపు 420 కిలోమీటర్లు. ఇటలీ నిపుణులతో కలిసి పెట్టింది, వాళ్ల సాంజోవేజే ద్రాక్ష ఇక్కడ ఎలా కాసిందో చూడొచ్చు. బెంగళూరు హైవేలో అయితే నగరంలోకి వెళ్లకముందే నంది కొండల దగ్గర దొడ్డబళ్లాపుర వైపు గ్రోవర్ వాళ్ల పాత తోట ఉంది, 1988 నాటిది. ఎత్తు 900 మీటర్లకు పైనే. రెండుచోట్లా ముందే ఫోన్ చేసి, వాళ్లు రమ్మన్న వేళకే వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.